సుద్దముక్క బాణం

గోదావరిఖని,
12 ఆగస్టు 1974

చిత్రప్రదర్శన కార్యదర్శి గారికి నమస్కారాలు.

నా చిత్రానికి పైభాగం ఏదని మీరు అడిగారు. వెనక సుద్దముక్కతో ఉన్న బాణం మా నాన్న వేసింది. నేను గీసినది దానికి తలకిందులుగా. అందులో నేను ఏ వస్తువునూ గీయలేదు. నలుపు మీద ఒక తెల్లని గీత, అంతే.

నాన్న బొగ్గుబావిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే పని చేస్తారు. ఈ చిత్రమే ఆఖరుగా రంగులు మాని టైపింగులో చేరతానని ఆయనకు మాట ఇచ్చాను. దాన్ని పెట్టెలో సర్దుతుంటే, నాన్నతో పనిచేసే గట్టయ్య కాక తలకిందులుగా తిప్పి చూశాడు.

"స్తెఫనన్నా, కప్పు పగిలింది సూడు. జల్ది గుంజ పెట్టాలె."

"ఒక్కటి ఎట్ల సాల్తది? రెండు పెట్టాలె," అన్నారు నాన్న.

"గీ సన్న పగులుకు రెండా? ఇరవై ఏండ్ల సంది నా పక్కనుండి ఏం నేర్సినవే అన్నా?"

చాయ్ చల్లారింది గానీ వాళ్ల వాదన చల్లారలేదు. చివరికి నాన్న బాణం వేసి, "టైపు మిషను యాడికి పోతది గని, ఇంకోటి గియ్యి బిడ్డా," అన్నారు.

కాబట్టి బాణం ప్రకారమే తగిలించండి. ఆదివారం వాళ్లిద్దరూ చూడటానికి వస్తున్నారు. బావిలో కప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో చెప్పడం వాళ్లకు అలవాటు. అక్కడా తట్టవచ్చు. చిత్రం చిరిగినా ఫర్వాలేదు, దయచేసి తట్టనివ్వండి.

ఇట్లు,
మీ నలభై ఒకటో నంబరు చిత్రం పంపిన అమ్మాయి