తేలిక వారంలో రేణుక రొట్టెలు

సోలాపూరు

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కారములు.

రాత్రి బడిలో నేను పట్టా పొందినది మరాఠీలో గనుక, నా తెలుగులోని లోపములను మన్నించగలరు.

ఆదివారము మన చెల్లెలు రేణుకయు అమ్మయు పుణె వచ్చి మీ ఇంట వారము రోజులుందురు. ఆ వెంటనే బరువులెత్తు పోటీలకు రాష్ట్ర జట్టు ఎంపిక. అలసిన ఒళ్లు కుదుటపడుటకు ఆ వారము సగము బరువులే ఎత్తవలెనని ఆమె గురువు ధనాజీ వస్తాదు ఆజ్ఞ.

కిందటిసారి ఇట్టి తేలిక వారములో అమ్మ రొట్టెలను కూడ సగము చేసినది. "పని లేని ఒంటికి అన్ని జొన్నరొట్టెలు ఎందుకురా?" అన్నది. తరువాత మామూలు బరువు సైతము పిల్ల భుజము దాటలేదు.

కారణమేమో తెలియగోరి వస్తాదును అడిగితిని. "ఏం గ్రాడ్యుయేట్ గారూ, మగ్గం ఆపి బాగుచేసే రోజు దానికి నూనె పెట్టరా? మూడు రొట్టెలు తినే చోట ఒకటి తగ్గించండి, చాలు. అదీ బరువులెత్తే పూట వద్దు. పప్పు, గుడ్లు, పెరుగు జోలికి పోకండి" అని నవ్వెను.

పరీక్షించుటకై నేనును ఒక వారము సగమే తిని, మగ్గము వద్ద అందరిపై విసుగుకొంటిని. అయినను, విశ్రాంతి దినముననే పిల్లకు ఆకలి హెచ్చుట ఎందుకో బోధపడలేదు. మీరును గమనించి వ్రాయగలరు.

చదివిన పిమ్మట దీనిని బావగారికి ఇవ్వండి. జిలేబీలు తెచ్చువారు ఆయనే గదా. తరువాత వస్తాదు మాటలను మాత్రము ఆయనచేత అమ్మకు చదివించండి. అయితే నా పేరు చదవవద్దు, వస్తాదు వ్రాసెనని చెప్పమనండి; వస్తాదు మాటయైతే అమ్మ వినును. పట్టా నాదే గాని, రొట్టెలు చేయునది అమ్మ.

మీ తమ్ముడు