తండ్రి పేరు గడి

జూన్ 3, ఉదయం
పాపని పంపనంది వాళ్ళ పెద్దమ్మ, అదే తల్లికి అక్క. పాప తల్లి జ్వరంతో పోయి రెండు నెలలు. మా అబ్బాయి బైక్ యాక్సిడెంట్‌లో పోయి నాలుగేళ్ళు. మిగిలింది ఆ నాలుగున్నరేళ్ళ పిల్ల ఒక్కతే. ఇన్నాళ్ళూ తల్లి ప్రతి ఆదివారం తెచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళేది. ఇప్పుడేమో పెద్దమ్మగారు, మీరు ఏ హక్కుతో అడుగుతున్నారండీ అంటోంది. ఒళ్ళు మండిపోయింది. తాతని నేను, హక్కేమిటంటావా, నీ మొహం అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం
పెట్టేయకుండా ఉండాల్సింది.

జూన్ 9
లాయర్ జనన రిజిస్టర్ నకలు తెప్పించాడు. తండ్రి పేరు గడిలో అడ్డగీత చూసి, ఈ గీత గీసిన మహానుభావుడెవరు సార్ అని నవ్వాడు. పెళ్ళి కాలేదు, కాగితం మీద తండ్రే లేడు, ఇక తండ్రి తరఫు తాత ఎక్కణ్ణుంచి వస్తాడు అన్నాడు. డీఎన్‌ఏ టెస్టుకి పెద్దమ్మ ససేమిరా అంటోందట.

ఆ మహానుభావుణ్ణి నేనే.

జూన్ 10
ముప్పై రెండేళ్ళు జనన మరణాల సెక్షన్‌లో చేశాను. ఖాళీ గడి వదలకూడదన్నది నా రూలు. వదిలితే తర్వాత ఎవడో వచ్చి ఏదో రాసేస్తాడు. అందుకే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. గీతల మాస్టారని పేరు పెట్టారు నాకు, వెధవలు.

పాప పుట్టుక నమోదు చేసే రోజు మా అబ్బాయి కౌంటర్ అవతల నిలబడ్డాడు. నాన్నా, సంతకం పెడతాను, నా పేరు రాయి అన్నాడు. పెళ్ళికానివాళ్ళైతే తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితే చాలు. రెండు నిమిషాల పని. పక్క టేబుల్ టైపిస్టు చెవులు రిక్కించింది. నా ఇంటిపేరు నా రిజిస్టర్లోనే ఈ రకంగా ఎక్కడమా అని పరువు అడ్డొచ్చింది. ముందు పెళ్ళి కానివ్వండి, తర్వాత సరిదిద్దుకోవచ్చులే అని, స్కేలు పెట్టి మరీ గీశాను. వాడు పెన్నుకి క్యాపు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముహూర్తం పెట్టుకున్న నెలలోనే, పెళ్ళి కాకముందే పోయాడు.

మా ఆవిడకి ఈ సంగతి ఇవాళే చెప్పాను. అన్నం వడ్డించి, తన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 11
ఇవాళా వంటింట్లోనే తింది.

జూన్ 24
సంగతంతా విని లాయర్ దారి చూపించాడు. అబ్బాయి సంతకం పెట్టిన కాగితం ఆఫీసులో పోయిందని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. అప్పుడు ఫైళ్ళు చూసింది ఆ టైపిస్టే. పోయిందంటే తప్పు ఆవిడ మీదికే వస్తుంది. పాపం, ఆవిడకి ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది. అయినా అలాగే చెప్పేద్దామనిపించింది. నిజంగానే అనిపించింది.

జూలై 15
కోర్టు. ఈ గీత ఎవరిదని జడ్జిగారు అడిగారు. కాగితం పోయిందన్న మాట నోటిదాకా వచ్చింది. నాదేనండి అన్నాను. ఆ పిల్ల మా వాడి పిల్లేనండి, వాడు సంతకం పెడతానంటే నేనే సిగ్గుపడి కొట్టేశానండి అన్నాను. లాయర్ తల పట్టుకున్నాడు. మీ మాట నమ్ముతున్నాను గానీ నమ్మకం మీద పిల్లని అప్పగించలేనని జడ్జిగారు పిటిషన్ కొట్టేశారు.

వరండాలో పెద్దమ్మ ఆపింది. ఆ గీత చూసి మా చెల్లెలు ఎంత ఏడ్చిందో తెలుసా అంది. తెలియదన్నాను. ఒక్క మాట అనకుండా ప్రతి ఆదివారం పిల్లని మా ఇంటికి తెచ్చింది ఆ తల్లి! ఈ ఆదివారం రండి, గంటసేపు చూసి వెళ్ళండి, హక్కని కాదు, నా దయ అనుకోండి అంది పెద్దమ్మ. ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.

జూలై 20, ఆదివారం
వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ ఇచ్చాడు. పేరు రాశాను. పక్క గడి: ఏమవుతారు. పెన్ను ఆగిపోయింది. పాప పరిగెత్తుకొచ్చి లాక్కుంది. స్కూల్లో ఈ వారం అడ్డగీతలు నేర్పారట. ఆ గడిలో ఒకటి గీసి చూపించింది.

బాగుందమ్మా అన్నాను.