నాగవేణి వేలు

ఆగస్టు 4
థర్డ్ ఇయర్ జువాలజీ క్లాసు బాగా కుదిరింది. రెట్రోవైరస్ కణంలోకి దిగితే మన ప్రోటీన్లు ఏం చేస్తాయో బోర్డు మీద గీశాను. ఒకటి వైరస్ తొడుగును పట్టుకుని విప్పేస్తుంది. ఇంకొకటి, అది నకలు రాసుకుంటుంటే అక్షరాలు చెడగొడుతుంది. మరొకటి, బయటికి పోబోయేదాన్ని కణం పొరకే కట్టేస్తుంది. పిల్లలు నోట్సు మరిచి విన్నారు.

ఆగస్టు 5
స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు నాగవేణి వచ్చింది. తొండూరు పిల్ల, గొర్రెలు మేపుకునే ఇల్లు.
"మేడం, ఆ ప్రోటీన్లు నాలో లేవా?"
హెచ్ఐవి. "మాయమ్మ నుంచి వచ్చింది మేడం, పుట్టినప్పుడే." నెలనెలా జమ్మలమడుగు పోయి మాత్రలు తెచ్చుకుంటుందట.
అందరిలోనూ ఉన్నాయి, ఈ వైరస్ వాటిని ఏమార్చడం నేర్చింది, అందుకే మాత్రలు — అన్నాను.
"అంటే నా తప్పేం లేదు కదా?"
లేదన్నాను. ఎవరికీ చెప్పొద్దంది. మాటిచ్చాను.

ఆగస్టు 19
బ్లడ్ గ్రూప్ ప్రాక్టికల్. ఒక్కొక్కరి వేలూ నేనే గుచ్చుతున్నాను. ప్రతిసారీ కొత్త సూది, చేతులకు గ్లవ్స్. నాగవేణి వేలు చాపింది. నా చెయ్యి వెనక్కు పోయింది.
"నువ్వొద్దు. చూసి రాసుకో."
అందరి ముందూ.
వెనక బెంచీ నుంచి — "ఏమి, ఆయమ్మికేమైంది?"
అన్నీ తెలిసిన నేను...

ఆగస్టు 20
రాలేదు.

ఆగస్టు 23
ఇవాళా రాలేదు. దాని గురించే గుసగుసలు. తల వంచుకుని రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. సిగ్గులేనిదాన్ని.

ఆగస్టు 31
ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కి తొండూరులో దిగాను. వాకిట్లో వాళ్లవ్వ.
"మీరేనామ్మా ఆ మేడం? శానా బాగ చెప్తారని ఒకటే పొగుడుతాండె. ఇప్పుడేందో కాలేజీకి పోనంటాంది."
మజ్జిగ ఇచ్చింది.
నాగవేణి గొర్రెలు తోలుకుని వచ్చింది. అవ్వ లోపలికి పోయాక చెప్పాను — తప్పు నాదే, భయపడ్డాను, క్లాసులో కూడా ఒప్పుకుంటాను, నువ్వు రా.
"ఏమని ఒప్పుకుంటారు మేడం? నా జబ్బు చెప్పకుండ మీ తప్పు ఎట్ల చెప్తారు?"
బస్సు దాకా నా వెంట వచ్చింది.

సెప్టెంబర్ 1
మొదటి పీరియడ్ ఆ క్లాసే. దాని చోటు ఖాళీ. "ఆ రోజు ప్రాక్టికల్లో నేనొక తప్పు చేశాను" అన్నాను.
"ఏం తప్పు మేడం?" — వెనక బెంచీ.
అందరూ నావైపే. నిన్న నాగవేణి అడిగిందీ ఇదే. సుద్దముక్క తీసుకుని, బోర్డు వైపు తిరిగి ఆ రోజు పాఠం పేరు రాశాను.