బతికుండగానే దండ

మంగళవారం, సరిహద్దు క్యాంపు

యుద్ధం మొదలై మా ఫోన్లు తీసేసుకున్నాక ఈరోజే ఇంటికి మాట్లాడనిచ్చారు. వంటశాలలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నవాణ్ణి, ఆ మట్టి చేతులతోనే ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే అమ్మ బోరుమంది.

"నాయనా, బతికే ఉండావా?"

నేను యుద్ధంలో పోయానని నా స్నేహితుడు రమణగాడు నంద్యాల బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడట. వాడికి ఎన్నికల్లో నిలబడాలని ఆశ. దండతో నా ఫొటో, పక్కన నాకంటే పెద్దగా వాడి ఫొటో! ఎవడో పుట్టించిన పుకారు నమ్మి, మా ఇంట్లో ఒక్కమాటైనా అడగకుండా.

"పీకేయమని చెప్పలేదా?"

"చెప్తి నాయనా. 'వాణ్ణి రానీలేమ్మా, స్వాగతమని మార్చి కడతా' అన్న్యాడు."

ఆ ఫ్లెక్సీ చూసినప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదట.

వాడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. తిట్లు తప్ప ఇంకేమీ రావడం లేదు. అవే పంపుతాను...