ఏమోనండి

జులై 9

రాజీవ్ కో-పైలట్‌గా ఉన్న విమానం వానలో రన్‌వే దాటిపోయి బురదలో ఆగింది. టీవీలో చూశాం. అందరూ బతికారు. శ్రావణంలో మా పెళ్ళి. ఉద్యోగం ఉంటుందా అని అమ్మ అడిగింది.

జులై 10

"బానే ఉన్నానండి" అని మెసేజ్. నిశ్చితార్థం అయినా నాకింకా అండీలే.

జులై 16

రేపల్లెలో వాళ్ళింటికి వచ్చేశాడట. ఎంక్వైరీ అయ్యేదాకా డ్యూటీ లేదు. నన్ను రమ్మంటాడని ఫోన్ కంచం పక్కనే పెట్టుకుని తిన్నాను. రమ్మనలేదు. నాన్న శుభలేఖల ప్రింటింగ్ ఆపేశారు. ఎందుకంటే, వానలు కదమ్మా అన్నారు.

జులై 22

బాపట్లలో నేను చెప్పాల్సిన క్లాసులున్నాయని ఇంట్లో చెప్పి తెనాలి స్టేషన్లో రేపల్లె బండెక్కేశాను. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదంటారు, నువ్వింకా కోడలివి కాదుగా, రా అంది వాళ్ళమ్మ. నవ్వాలో లేదో తెలియలేదు.

రాజీవ్ పెరట్లో ఉన్నాడు. గడ్డం పెరిగింది. దాని మీద చెయ్యి వెయ్యాలనిపించింది. ఆ రోజు ఏం జరిగిందని అడిగాను.

ఎత్తు ఎక్కువ, స్పీడు ఎక్కువ, కింద తడి రన్‌వే. అలాంటప్పుడు దిగకూడదట. గో అరౌండ్ అనాలట. మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి, కుదురుగా రావాలి. కో-పైలట్ అన్నా చాలు, ఎవరూ తప్పు పట్టరు. కానీ కెప్టెన్ గుంటూరు వైపు పెద్దాయన. ఏంటి అల్లుడూ అంటూ దారంతా తెలుగే. ఆయనతో ఆ రెండు ముక్కలు అనలేకపోయాడు. సార్, స్పీడు కొంచెం ఎక్కువుందేమోనండి అన్నాడట. ఏం కాదులే అల్లుడూ, దింపేద్దాం అన్నాడట ఆయన.

మరి మన సంగతేంటి అన్నాను. మీకిష్టమైతే చేసుకుందామేమోనండి అన్నాడు. ఏమో ఏంటి, సూటిగా ఒక్క మాట చెప్పండి అని అరిచాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

జులై 23

నేనింతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కితే అతను నడిపేదే ఎక్కాలనుకున్నాను. ఇప్పటికీ అంతే.

జులై 30

రెండు వైపుల పెద్దవాళ్ళూ కూర్చుని ఆ ముహూర్తమే మళ్ళీ ఖాయం చేసేశారు. ఎంక్వైరీ రిపోర్ట్ రాకముందే కానిచ్చేస్తే నయమట, వచ్చాక ఎవరో ఒకరు వెనక్కి తగ్గుతారట. తొందరగా దింపేద్దాం అన్నట్టే ఉంది వరస. తెలుస్తూనే ఉంది. అయినా సంతోషంగా ఉంది. ఎలాగైనా సరే, అతను కావాలి. స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్ షారోన్, హనీమూన్‌కి ఫ్లైటా, ఎర్రబస్సా అంది. ఏదైనా పర్లేదన్నాను.

ఆగస్టు 4

అతనే ఫోన్ చేశాడు. ఈ ముహూర్తానికి వద్దు అన్నాడు. ఏమో లేదు, అండి లేదు. నాన్నకీ చెప్పేశాడట. నా సంగతి తేలాక నేనే వస్తా, అప్పటికి నీకు ఇష్టముంటే అన్నాడు. నీకు అన్నాడు! ఎన్ని నెలలు ఎదురుచూశాను ఆ పిలుపు కోసం. అది ఈ మాటతో కలిసి వచ్చింది.

అతను చేసింది సరైనదే. సరైనది నాకు అక్కర్లేదు.

ఆగస్టు 17

ముహూర్తం దాటిపోయింది. గో అరౌండ్ చేస్తే కింద నిలబడ్డవాళ్ళకి ఏం వినిపిస్తుందని మెసేజ్ పెట్టాను. చాలా దగ్గరగా, చాలా గట్టిగా, తర్వాత చాలాసేపు ఏమీ వినపడదు అని జవాబు. చాలాసేపంటే ఎంత అన్నాను. టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదులుతున్నాయి.