పూలు చుట్టిన గీజరు

హిందూపురం,
నవంబరు, 2003.

రేఖకు మీ వదిన రాసేది.

కాన్పుకొచ్చే నాటికి వేడినీళ్ల సంగతేమిటని అడిగావు. బెంగపడొద్దు, గీజరు పెట్టేశాం.

మన రాగి బాయిలరు అడుగున కారుతోందని నీకు తెలుసు కదా. అవ్వ రోజూ పొద్దున్నే ఆ చిల్లుకు ఇంత సంగటి మెత్తి పొయ్యి ముట్టించేది. మీ అన్న గీజరు తెస్తే, "నీళ్లు నింపే పండగకు పూలు దేనికి చుట్టల్ల? గోడకా?" అని దాన్ని పెట్టెలోంచి తియ్యనివ్వలేదు.

దీపావళి ముందు ఆ పండగ రానే వచ్చింది. బాయిలరును చింతపండుతో తళతళా తోమి, నిండా నీళ్లు పోసి, పూలు చుట్టి అవ్వ హారతి ఇస్తుంటే అడుగు ఊడిపోయింది. అందరం నీళ్లలో నిలబడ్డాం. అపశకునమేమోనని మేం భయపడ్డాం. అవ్వే పకపకా నవ్వింది. "గంగమ్మే ఇంక చాలనింది. ఆ డబ్బా తగిలించప్పా," అని మీ అన్నతో చెప్పి, తడిసిన పూలు దానికే చుట్టించింది.

మర్నాడు మొదటి తలస్నానం ఆమెదే. బయటికొచ్చి, "నీళ్లు బాగుండాయి. ఇంక 'కాగినాయా అవ్వా' అని నన్నెవురడుగుతారు?" అంది మెల్లగా.

అందుకే ఇప్పుడు ఇంట్లో అందరం ఆమెనే అడుగుతున్నాం. పోయి గీజరు ఎర్రలైటు చూసొచ్చి, "ఇంకా రోంతసేపు తాళండి" అంటుంది. లైటు ఆరిపోయినా సరే, ఆమె ఊ అనేదాకా ఎవరం స్నానానికి పోవడం లేదు.

నువ్వొచ్చాక నువ్వూ అడగాలి. బాలింతవని మినహాయింపేమీ లేదు.

మీ వదిన