కమురు వాసన

అత్తయ్యా,

ఈ రోజు మీ సంవత్సరీకం. మోవాలోని మన ఇంటి నిండా చుట్టాలే. సిల్తారా ఫ్యాక్టరీల పొగకు మా ముక్కులు మొద్దుబారాయి కదా, ఎవరికీ ఏమీ తెలియలేదు. పక్కింటి ఛత్తీస్‌గఢీ కోడలు సునీత మాత్రం గుమ్మంలోనే ఆగి, "దీదీ, కమురు! మెయిన్ బంద్ కరో!" అని అరిచింది. మెయిన్ స్విచ్ ఆపి చూస్తే ఫ్రిజ్ వెనక వైరు మాడుతోంది.

"మంట లేకుండా మాడితే కమరడం అంటారు. ఆ వాసనే కమురు. అది తగిలిందంటే మంట లేవకముందే పరిగెట్టాలి" అని మీరే తనకు వచ్చీరాని హిందీలో నేర్పారట. అలాంటి మాట వాళ్లింట్లో లేదట, అందుకే మీ మాటే ఉంచుకుందట.

బయటి మనిషికి మొదటి బంతేంటని మీ ఆడపడుచు మొహం ముడుచుకున్నా సరే, మొదటి బంతిలో మీ ఫొటో ఎదురుగా సునీతనే కూర్చోబెట్టాను. గారెలు నేనే వడ్డించాను.